తూర్పున గోడ పెట్టిన సారు

సారు పోయిన సంగతి నాకు ఒక గోడ గురించి వచ్చిన ఫోన్‌లో తెలిసింది.

"నమస్తే మేడమ్, గుర్తుపట్టారో లేదో. మీర్‌పేట్ అవతల మా కాలనీ భవనం మీరూ సారూ కలిసి కట్టారు కదండీ, దాని కమిటీ ప్రెసిడెంట్‌నండి" అన్నాడాయన. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఇన్నేళ్ళయినా మాటలో ఆ సాగదీత పోలేదు. "పాపం సారు పోయారు కదండీ. మరి ఆ తూర్పు గోడ సంగతి ఇప్పుడు మీరే తేల్చాలండి. ప్లాన్ మీద ఆయన పేరు పక్కన మీ పేరే ఉంది."

"ఎవరు పోయారు?" అన్నాను.

"అయ్యో, మీకు తెలీదాండీ? పది రోజులైపోయింది కదండీ!"

ఆరేళ్ళు ఆయన దగ్గర భవనాల ప్లాన్లు గీస్తూ పనిచేసినదాన్ని. పది రోజులుగా ఆయన ఈ లోకంలో లేడని తెలియకుండా తిన్నాను, తిరిగాను, టీవీ చూశాను. ఏడవాలో, ఎవరూ చెప్పలేదని కోప్పడాలో, గోడ గురించి మాట్లాడాలో తెలియక "రేపు వస్తానండి" అని ఫోన్ పెట్టేశాను.

సమస్య చిన్నదే. ఆ భవనానికి మూడు వైపులా దారి ఉంది, తూర్పున మాత్రం నిండు గోడ. ఆ గోడ వెనక గల్లీలో యాభై ఇళ్ళ దాకా ఉన్నాయి. వాళ్ళంతా పన్నెండేళ్ళుగా చుట్టూ తిరిగి వస్తున్నారు. ఇప్పుడు కమిటీ వాళ్ళు గోడ పగలగొట్టి తలుపు పెట్టుకుంటామంటే, మునిసిపల్ ఆఫీసులో కట్టినవాళ్ళ అంగీకారం తెమ్మన్నారట. నేను సంతకం పెడితే తలుపు వస్తుంది, లేకపోతే గోడ ఉంటుంది. కానీ సారు ఆ గోడ ఎందుకు పెట్టాడో పెట్టిన రోజు నుంచీ నాకు అర్థం కాలేదు. అర్థం కాని దాన్ని పడగొట్టమనడానికి నాకు చేయి రావడం లేదు.

ఆయన ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల నడుమ, ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉండేది. నేనున్న చివరి రోజుల్లో అక్కడ మెట్రో పిల్లర్లు లేస్తుండేవి. కింద డ్రిల్లింగ్ మొదలైతే టేబుల్ మీద స్కేలు దానంతట అదే నడిచేది. సారు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కాకి రెండు జేబులు కుట్టించుకునేవాడు. ఒక జేబులో టేపు, రెండో జేబులో పచ్చిమిరపకాయలు. ఎక్కడ పెరుగన్నం దొరికినా మిరపకాయ మాత్రం తనదే తినాలి. నగరంలో మిరపకాయలకు కారం చచ్చిపోయిందని ఆయన ఫిర్యాదు.

ఉద్యోగం కోసం వెళ్ళిన రోజున నేను నిగనిగలాడే బొమ్మల పుస్తకం ఒకటి పట్టుకెళ్ళాను. అద్దాల భవనాలు, వాటి ముందు నవ్వుతూ నడుస్తున్న మనుషులు. ఆయన ఒక్కో పేజీ తిప్పి, "గీ బిల్డింగుల ఎవరన్న ఉంటరా?" అని అడిగాడు.

"మనుషులు ఉన్నారు కదా సార్, బొమ్మలో."

"గాళ్ళు కంప్యూటర్లకెళ్ళి ఒచ్చినోళ్ళు. చెమట పట్టదు గాళ్ళకు." పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "రేపటి సంది రా. చెప్పులు గట్టియి ఏస్కొని రా."

నేను అవమానపడి ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుంటే, "అంటే ఉద్యోగం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అని అమ్మ అడిగింది. నాకు తెలియలేదు. మర్నాడు గట్టి చెప్పులు వేసుకుని వెళ్ళి కూర్చున్నాను. ఆయన ఏమీ అనలేదు. అదీ ఆయన వరస. అవునో కాదో మనమే ఊహించుకోవాలి.

కొత్త స్థలానికి వెళితే మొదట కుక్కను వెతికేవాడు. "కుక్క పన్న కాడ చల్లగుంటది. దానికి డిగ్రీ అక్కర్లే" అనేవాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కుక్క ఏ మూల పడుకుంటే ఆ మూల ముసలివాళ్ళు కూర్చునే అరుగు వచ్చేది. కట్టడం సగమయ్యాక కిటికీల్లో తడి తువ్వాళ్ళు ఆరేసి, ఏది ముందు ఆరితే ఆ కిటికీ పెద్దది చేయించేవాడు. ముందు నుంచి చూస్తే భవనం ఎలా కనిపిస్తుందని ఎవరైనా అడిగితే మండిపోయేవాడు. "ముంగట నిలవడి ఎంతసేపు చూస్తవ్? జిందగీ అంత లోపలే గద ఉండేది!"

ఆదివారం చర్చికి తప్పకుండా వెళ్ళేవాడు. అక్కడా అదే బుద్ధి. "అందరు తల కిందికి ఒంచితే నేను మీదికి చూస్తుంట బిడ్డా, స్లాబు కారుతున్నది. దేవునికి తెల్వదంటవా?" అని సోమవారం పొద్దున్నే నన్ను అడిగేవాడు. దీపం కిందే చీకటి అన్నట్టు ఆయన అద్దె ఇల్లు మాత్రం పడమటి ఎండకు పెనంలా కాలేది. ఊరందరికీ గాలి తోడిపెట్టిన మనిషి ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు విసనకర్రతో ఎలా బతికాడో, ఎందుకు మారలేదో, అదీ నాకు తెలియదు.

ఆయన పని పద్ధతి గురించి చెప్పాలి. పునాది తవ్వే ముందు నేల మీద ముగ్గు పోసి గుర్తులు పెట్టడం ఏ మేస్త్రీ అయినా చేసేదే. పొద్దున ముగ్గు పోస్తే సాయంత్రానికి గునపం దిగుతుంది. సారు మాత్రం కాగితం మీద ఏదీ తేల్చకముందే, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బా పట్టుకుని భవనం మొత్తాన్ని నిజమైన కొలతల్లో నేల మీద పోసేసేవాడు. గదులు, వరండా, మెట్లు, అన్నీ. తర్వాత పదిహేను రోజులు అక్కడ ఎవరినీ ఏమీ చేయనిచ్చేవాడు కాదు. జనం ఎప్పటిలా అటూ ఇటూ నడుస్తారు. ఎక్కడ గీత చెరిగిపోతే అక్కడ దారి. ఎక్కడ గీత నిలబడితే అక్కడ గోడ.

"తలుపు మనం పెట్టొద్దు బిడ్డా. గాళ్ళ కాళ్ళు పెడ్తయ్. మనం గోడలే కట్టాలె" అనేవాడు.

అల్మాస్‌గూడలో ఒక చిన్న దవాఖాన కడుతున్నప్పుడు జనం ఒక మూలను అడ్డంగా తొక్కేశారు. సారు ఆ మూలను కోసేశాడు. గది వంకరైపోయిందని కట్టించేవాళ్ళు నెల రోజులు గొణిగారు. ఇప్పటికీ గర్భిణులూ ముసలివాళ్ళూ ఆ కోసిన మూల నుంచే లోపలికి వెళ్తారు. ఆ దవాఖాన చూశాక నాకు ఆయన మీద భక్తి కుదిరింది. భక్తి అంటే ఆయన తిడతాడు కాబట్టి పైకి ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఈ కాలనీ భవనం వచ్చింది. పెళ్ళిళ్ళకు ఒక హాలు, చదువుకునే గది, టీకాలు వేయడానికి ఒక గది, చుట్టూ నీడ, కప్పు మీద పడ్డ వాననీళ్ళన్నీ ఇంకుడు గుంతలోకి. సారు ముగ్గు పోశాడు. పొద్దునా సాయంత్రమూ వచ్చి ఏ గీత ఎంత చెరిగిందో పొడుగు పుస్తకంలో రాసుకోవడం నా పని.

మొదటి సాయంత్రమే తూర్పు గీత ఊడ్చిపెట్టుకుపోయింది. వెనక గల్లీ వాళ్ళు బస్సుకీ, పాలకీ, బడికీ అందరూ అటే వచ్చారు. "అక్కడ పెద్ద తలుపు" అని రాసుకున్నాను. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి గీత తెల్లగా, నిండుగా ఉంది. సాయంత్రానికి మళ్ళీ చెరిగింది. పొద్దున్నకి మళ్ళీ తెల్లగా ఉంది. వంగి చూశాను. సారు డబ్బా గీత తాడు పట్టినట్టు తిన్నగా ఉంటుంది. ఇది రెండు వేళ్ళ సందు నుంచి వదిలిన సన్నటి గీత, అక్కడక్కడా వంకర. ఇంటి ముందు రోజూ ముగ్గు వేసే చెయ్యి అది.

నాలుగో రోజో ఐదో రోజో సారుకి చెప్పాను. "ఎవరో రోజూ మళ్ళీ పోస్తున్నారు సార్. ఆ గీత లెక్కలోకి రాదు."

"ఊఁ" అన్నాడు. "పొద్దుగాల గీత ఉన్నదా లేదా?"

"ఉంది. కానీ సాయంత్రం..."

"ఉన్నది గద. గాడ గోడ పెట్టు."

"సార్, అది దొంగ గీత. జనమంతా అటే నడుస్తున్నారు. మీరే కదా చెప్పారు కాళ్ళు..."

"పెట్టుమన్న గద!"

ఆరేళ్ళలో ఆయన నా మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే. తన పద్ధతిని తానే తుంగలో తొక్కుతున్నాడు, అదీ నా కళ్ళ ముందే. కాంట్రాక్టరుతో ఏమైనా ఉందా అని కూడా అనుమానించాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ అనుమానించాను. గోడ లేచింది. ప్రారంభం రోజున వెనక గల్లీ వాళ్ళు చుట్టూ తిరిగి వచ్చి, తిట్టుకుంటూ భోజనం చేసి వెళ్ళారు.

అంతటితో పోయినా మర్చిపోయేదాన్నేమో. కొన్నాళ్ళకు ఒక కాలేజీలో పిల్లలతో మాట్లాడటానికి పిలిస్తే, ఆయన అప్పట్లో ఒక పొద్దున తీసిన ఆ తెల్లగీత ఫొటో తెర మీద చూపించాడు. "గీ గోడ నేను పెట్టలే. గీత నిలవడ్డది, గోడ లేసింది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరి వరసలో కూర్చున్న నాకు చెవులు కాలిపోయాయి. కళ్ళార్పకుండా అబద్ధం చెప్పాడు. నేను నమ్మిన ఒక్క మనిషి.

రెండు నెలల తర్వాత వేరే ఉద్యోగం దొరికిందని సాకు చెప్పి మానేశాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే చెబుదామని వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను. "మంచిది, పోయిరా" అని టేపు తీసి కిటికీ కొలవడం మొదలుపెట్టాడు. ఆ కిటికీని ఆయన అంతకు ముందు ఎన్నోసార్లు కొలిచాడు.

చివరిసారి కనిపించింది రెండేళ్ళ కింద, ఎల్బీనగర్ మెట్రో మెట్ల మీద. జనం దిగే చోట ఒక పక్కగా కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కాళ్ళనొప్పులేమో అనుకుని పరుగెత్తాను.

"ఏం లేదు బిడ్డా. ఎన్నో మెట్టు కాడ మనిషి ఆగుతడో చూస్తున్న. ముసలోళ్ళు పన్నెండో మెట్టుకు ఆగుతున్నరు. గాడ కూసుందమంటే జాగ లేదు."

నేను పక్కన కూర్చున్నాను. కుశలప్రశ్నలయ్యాక ఉండబట్టలేక అడిగేశాను. "సార్, ఆ తూర్పు గోడ తప్పు కదా?"

ఆయన నా వైపు చూడలేదు. దిగుతున్న కాళ్ళనే చూస్తున్నాడు. "అప్పుడు కరెక్టే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నేను చూడలే. నువ్వు పొయ్యి చూడు."

వెళ్తానన్నాను. వెళ్ళలేదు. పనులు, పిల్ల పరీక్షలు, ట్రాఫిక్. అసలు సంగతి అది కాదు. ఒప్పుకోవడం చేతకాక నా మీదికి నెట్టేశాడని కోపం వచ్చింది. ఆ కోపం కాస్త చల్లారేలోగా మనిషే పోయాడు.

మర్నాడు పొద్దున మీర్‌పేట్ వెళ్ళాను. పన్నెండేళ్ళ తర్వాత కూడా భవనం లోపల చల్లగా ఉంది. ఒక గదిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, వరండాలో పేకాడుతున్న ముసలివాళ్ళు. ప్రెసిడెంట్ కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఇదిగోండి, ఇక్కడ ఒక్క సంతకం పెట్టేస్తే సరిపోద్దండి. నడిమధ్యలో తలుపు పెట్టేద్దామండి. కొట్టేవాణ్ణి కూడా మాట్లాడేశాను."

"ఒకసారి వెనక నుంచి చూస్తానండి" అని చుట్టూ తిరిగి గల్లీలోకి వెళ్ళాను. పైన దూలం ఉంది కాబట్టి గోడ కొట్టినా భవనానికి ఏమీ కాదు. ఆ మాత్రం నాకు తెలుసు. తెలియనిది మిగతాదంతా. ప్రెసిడెంట్‌కి ఏదో ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ అటు నడిచాడు.

గోడకు వీపు ఆనించి, ఒక షాబాదు బండ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టి ఉన్నాయి, తల నున్నగా దువ్వి ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. నన్ను చూడగానే ముఖం తిప్పేసుకున్నాడు. ఎదురింటి గడపలో కూర్చున్న ముసలామె నన్ను పరీక్షగా చూసింది.

"నువ్వు గా సారు దగ్గర పుస్తకం పట్కొని తిర్గిన పోరివి గాదు?"

"అవునమ్మా."

"సారు పోయిండంట గద." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా ముగ్గు నేనే పోసిన బిడ్డా. దినాం పొద్దుగాల."

నేను ఆమె పక్కన గడప మీద కూలబడ్డాను.

"గా కూసున్నోడు నా కొడుకు, జనాన్ని చూస్తే బెదురుతడు. బ్యాండు మోగితే చెవులు మూస్కొని తల కొట్టుకుంటడు. పోరగాళ్ళు రాళ్ళిసిరేది. గీత చెరిగిన కాడ తలుపొస్తదని సారు అందరికి చెప్తుంటే విన్న. పెళ్ళోళ్ళంత మా ఇంటి ముంగటికెళ్ళే తిరుగుతరు, ఇగ వాని గతేంది? చెరగనియ్యొద్దనుకున్న. నాకు గదొక్కటే తోచింది."

"సారుకి తెలుసా?"

"మూడో దినమే దొరికిపోయిన. ఇంకా ఎల్తురు రాలె. నేను ఒంగి పోస్తున్న, లేసి చూస్తే ఎన్క నిలవడ్డడు. నా పానం పోయింది. తిడ్తడనుకున్న. ఏమనలే. మావోన్ని జరసేపు చూసిండు. 'ముగ్గు సరిపోతదా అక్కా?' అన్నడు. తెల్లారి సంచి తెచ్చిచ్చిండు."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపమూ వచ్చింది. యాభై ఇళ్ళ నడక ఒక వైపు, ఒక్క మనిషి బెదురు ఇంకో వైపు. ఎవరినీ అడగకుండా ఆయన ఒక్కడే తూకం వేసేశాడు. అది న్యాయమేనా? ప్రజల మాటే నా మాట అని ఊరంతా చెప్పుకున్న మనిషి చేయాల్సిన పనేనా? పోనీ నాకైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా! చెబితే నా పుస్తకంలోకి ఎక్కేది. పుస్తకంలోకి ఎక్కితే కమిటీ చదివేది. కమిటీ చదివితే గల్లీ అంతా ఈ తల్లి మీద పడేది. అందుకేనా చెప్పలేదు? ఏమో. అందుకే అయి ఉంటుందని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన నోటితో ఎప్పుడూ వినలేదు, ఇక వినను.

ఒక్కటి మాత్రం ఆ గడప మీద నాకు స్పష్టమైందనుకున్నాను. ఆమె చేయి పట్టుకుని, "భయపడకండమ్మా. నేను సంతకం పెట్టను. గోడ ఇలాగే ఉంటుంది" అన్నాను.

ఆమె చేయి లాక్కుంది.

"ఒద్దు బిడ్డా. పెట్టు."

"అదేంటమ్మా? మరి అతను..."

"మొన్న దవాఖానల చెప్పిన్రు. ఎక్వ దినాలు లెవ్వు నాకు." పక్కింటి సంగతి చెబుతున్నంత మామూలుగా అంది. "నేను పోయినంక వాడు గీ గోడ ఎన్క గిట్లనే కూసుంటడు. ఎవనికి కనవడ్తడు? తిన్నడా, పన్నడా, ఎవలు చూస్తరు? తలుపు పెడితే దినాం జనం వాని ముంగటికెళ్ళే పోతరు. బెదురుతడు, బెదరనీ. నేనుంటే పట్టుకుంట. నేనుండంగనే అలవాటు కావాలె వాడు వాళ్ళకు, వాళ్ళు వానికి. జల్ది పెట్టు."

ఫోన్ ముగించుకుని ప్రెసిడెంట్ వచ్చాడు. కాగితం తీసుకుని సంతకం పెట్టాను. "కారణం" అని ఒక గడి ఉంది. దాని దగ్గర పెన్ను ఆగిపోయింది.

"రాకపోకల సౌకర్యం కోసం అని రాసేయండి" అన్నాడాయన. రాసేశాను.

"నడిమధ్యలోనే కదండీ?" అని ఆయన గోడ వైపు చేయి చూపించాడు. నడిమధ్యలో అతను కూర్చుని ఉన్నాడు.

ముసలామె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "గాడ కాదు. వాన్ని లేపొద్దు. పక్కకు పెట్టుండ్రి."

"ఎంత పక్కకమ్మా?" అని అడిగాను.

ఆమె గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి చూసుకుంది. తర్వాత కొడుకుని చూసింది.

"పొయ్యేటోళ్ళకు వాని మొఖం కనవడాలె" అంది. "గంతే."

నేను టేపు తీసి, అతని భుజం దగ్గర నుంచి కొలిచాను.